పెద్దలకు చైనా సంప్రదాయ వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని, రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందును మూడేళ్లుగా వాడుతున్నారు. బీపీకి, షుగరుకు కూడా మాత్రలున్నాయి. ఈమధ్య ఛాతీ బరువుగా ఉంటోందని చైనా సంప్రదాయ వైద్యుణ్ణి సంప్రదించి, ఆయనిచ్చిన మూలికలతో రోజూ కషాయం కాచుకుని తాగుతున్నారు. హాయిగా ఉందంటున్నారు కానీ, పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, చేతుల మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. మూలికలతో హాని ఏముంటుందని ఆయన వాదిస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా కషాయం ఆపించి, ఈరోజే ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పేది) చేయించి, ఫలితంతో గుండె వైద్యుణ్ణి కలవండి. ఛాతీ బరువు సంగతి కూడా ఆయనకు తప్పక చెప్పండి. అది కషాయంతో సర్దిపుచ్చుకోవలసిన లక్షణం కాదు. వార్ఫరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. అది ఆగితే గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పుంది. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, ఛాతీ నొప్పి ఎక్కువైనా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

ఛాతీ బరువుకు చైనా వైద్యంలో తరచుగా వాడే వేరు డాన్‌షెన్. ఆ పేరులో 'డాన్' అంటే ఎరుపు. పొట్లం విప్పి కాగితం మీద పోస్తే ఇటుక రంగు తొక్కతో ఉన్న వేరు ముక్కలు కనిపించవచ్చు. రక్తప్రసరణను చురుకు చేస్తుందని వాళ్లు దీన్ని ఇస్తారు. అయితే వార్ఫరిన్ వాడేవారు దీన్ని తీసుకున్నప్పుడు ఐఎన్‌ఆర్ హద్దు దాటి రక్తస్రావానికి దారితీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. డాంగ్ క్వై అనే వేరు విషయంలోనూ ఇదే జరిగింది. అమెరికన్ జిన్‌సెంగ్ ఇందుకు విరుద్ధంగా వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. అంటే ఒకే పొట్లంలో ఒక వేరు మందు బలాన్ని పెంచుతుంటే మరొకటి తగ్గిస్తూ ఉండవచ్చు.

అతిమధురం సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. మిగతా మూలికల తీవ్రతను సర్దుతుందన్న నమ్మకంతో చైనా వైద్యులు చాలా కషాయాల్లో దీన్ని కలుపుతారు. వారాల తరబడి తాగితే ఇది ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి బీపీని పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు కూడా వాడుతుంటే పొటాషియం ఇంకా పడిపోయి గుండె లయ మరింత దెబ్బతింటుంది. పైగా వయసు పెరిగేకొద్దీ మూత్రపిండాల పనితీరు మందగిస్తుంది కాబట్టి, నలభై ఏళ్ల మనిషికి సరిపోయే మోతాదు మీ నాన్నగారికి ఎక్కువ కావచ్చు.

మూలికలతో హాని ఏముంటుందన్న ఆయన మాటకు నా జవాబు ఇది. మలేరియాకు ప్రాణాధారమైన ఆర్టెమిసినిన్ చైనా మూలిక నుంచే వచ్చింది. దాన్ని వెలికితీసినందుకు టు యుయు గారికి 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అంతటి శక్తి మూలికలో ఉందని ఒప్పుకున్నప్పుడు, అది హాని కూడా చేయగలదని ఒప్పుకోవాలి కదా! 1990లలో బెల్జియంలో, బరువు తగ్గేందుకు ఇచ్చిన గుళికల్లో ఒక చైనా మూలికకు బదులు దాన్ని పోలిన పేరున్న అరిస్టోలోకియా జాతి మూలిక కలిసింది. ఎందరో మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. తరువాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది.

అయినా నాన్నగారితో వాదనకు దిగకండి. ఆ వైద్యుడు బహుశా రెండు చేతుల నాడి పట్టుకుని, నాలుక చూసి, నిద్ర గురించీ ఆకలి గురించీ ఓపికగా అడిగి ఉంటారు. మా వృత్తిలో మేము పెద్దవాళ్లకు ఆ సమయం ఇవ్వలేకపోతున్నామన్న బాధ నాకుంది. ఆయన 'హాయి' అంటున్నదానిలో ఆ ఆదరణకూ వాటా ఉంటుంది. ఆయన వాడే మాత్రల స్ట్రిప్పులు, పొట్లాలు, నూనెలు అన్నీ ఒక సంచిలో వేసుకుని ఇద్దరు వైద్యులకూ చూపించండి. కషాయంలోని ప్రతి మూలిక పేరునూ వృక్షశాస్త్ర నామంతో సహా రాసిమ్మని అడగండి. రాసివ్వనంటే ఆ మందు వాడవద్దు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి 71 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి. ఆక్యుపంక్చర్ కోసం వెళితే, "మీ మూత్రపిండాలు బలహీనపడ్డాయి" అన్నారట. భయపడి రక్తపరీక్ష చేయిస్తే, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఎవరిని నమ్మాలి? ఆమెకు షుగరు వల్ల పాదాల్లో స్పర్శ కూడా తగ్గింది.

జవాబు: పరీక్షను నమ్మండి, ఆ వైద్యుణ్ణి మాత్రం వెంటనే అబద్ధాలకోరుగా చూడకండి. చైనా సంప్రదాయంలో 'మూత్రపిండం' అన్న మాటకు అర్థం వేరు. ఎముకలు, పళ్లు, వినికిడి, తలవెంట్రుకలు, పుట్టుకతో వచ్చిన జీవశక్తి, ఇవన్నీ దాని అధీనంలోవే. వాళ్ల ప్రాచీన వైద్య గ్రంథం స్త్రీ ఆయుష్షును ఏడేసి ఏళ్లుగా, పురుషుడి ఆయుష్షును ఎనిమిదేసి ఏళ్లుగా లెక్కించి, ఆ శక్తి క్షీణించడమే వార్ధక్యమని చెప్పింది. కాబట్టి ఆ మాటకు మన భాషలో అర్థం "వయసు మీద పడింది" అనే. అయితే దీని రెండో వైపు కూడా చూడాలి: ఎప్పుడైనా క్రియాటినిన్ నిజంగా పెరిగితే, దానికి ఈ లెక్కన కషాయాలు తాగడం ప్రమాదకరం.

ఇక సూదుల విషయం. మోకాలి అరుగుదల నొప్పికి ఆక్యుపంక్చర్ కొంతమేర, కొంతకాలం ఉపశమనమిస్తుంది. ఉత్తుత్తి సూదులతో పోల్చి చూసిన పరీక్షల్లో తేడా స్వల్పంగానే ఉంది. అయినా నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే ఈ వయసులో కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే తొడ కండరాల వ్యాయామం మానకుండా, ఆరు వారాలు సూదులు ప్రయత్నించడానికి నేను అభ్యంతరం చెప్పను. గుణం లేకపోతే ఆపేయండి. సూదులు ఒక్కసారికే వాడేవై ఉండాలి, సీలు మీ ఎదుటే తీయాలి. కొందరికి కళ్లు తిరుగుతాయి కనుక పడుకోబెట్టి వేయించుకోవడం మంచిది. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదుల ద్వారా కరెంటు ఇవ్వకూడదు.

మూలిక వత్తిని వెలిగించి చర్మానికి వేడి తగిలించే చికిత్సకు మాత్రం అత్తయ్యగారి పాదాల దగ్గర అసలు ఒప్పుకోవద్దు. స్పర్శ లేని పాదం కాలినా ఆమెకు తెలియదు. షుగరు ఉన్నవారికి ఆ పుండు మానడం చాలా కష్టం.

ప్రశ్న: నాకు 80 ఏళ్లు. నిరుడు ఒకసారి పడ్డాను. ఈ వయసులో తాయ్ చీ అనే చైనా నిదాన వ్యాయామం నేర్చుకోవచ్చా?

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. పెద్దల విషయంలో చైనా సంప్రదాయం నుంచి మనం నిశ్చింతగా తీసుకోగలిగినది ఏదైనా ఉందంటే అది ఇదే. మోకాళ్లు కొద్దిగా వంచి, శరీర భారాన్ని నిదానంగా ఒక పాదం నుంచి మరో పాదానికి మార్చడమే దీని ప్రాణం. మనం పడిపోయేది సరిగ్గా ఆ మార్పు దగ్గరే. పలు పరీక్షలను కలిపి చూస్తే పడిపోవడాలు సుమారు ఐదోవంతు తగ్గుతున్నాయి. పార్కిన్సన్స్ (వణుకు వ్యాధి) ఉన్న 195 మందితో జరిగిన పరీక్షలోనూ నిలకడ మెరుగైందని 2012లో ప్రచురితమైంది. చైనాలో 2013 నుంచి 65 ఏళ్లు దాటినవారికి ఏటా 33 ప్రశ్నలతో దేహతత్వాన్ని అంచనా వేసి, ఆహారం, నిద్ర, వ్యాయామాల మీద సలహాలిచ్చే ప్రజారోగ్య సేవ నడుస్తోంది; కషాయం కన్నా ఈ దినచర్య సలహాలనే నేను విలువైనవిగా చూస్తాను.

మొదలుపెట్టే ముందు, నిరుడు ఎందుకు పడ్డారో తేల్చుకోండి: లేచి నిలబడగానే బీపీ పడిపోతోందా, చూపు మందగించిందా, నిద్ర మాత్రలు వాడుతున్నారా? మొదటి నెల ఎదురుగా బరువైన కుర్చీ పెట్టుకుని, దాని వీపు మీద వేళ్లు ఆనించి చేయండి.

ప్రశ్న: అమ్మకు మతిమరుపు. గింకో మాత్రలు వేయమంటారా?

జవాబు: వద్దు. 75 ఏళ్లు, అంతకు పైబడిన 3 వేలమందికి పైగా పెద్దలకు రోజుకు 240 మిల్లీగ్రాముల చొప్పున సుమారు ఆరేళ్లు ఇచ్చి చూసిన పరీక్షలో గింకో మతిభ్రంశాన్ని ఆపలేదని 2008లో తేలింది. నిజానికి చైనా వైద్యంలో దగ్గు, ఆయాసాలకు వాడింది గింకో చెట్టు గింజలను. ఈ మాత్రల్లో ఉండేది ఆధునికంగా తయారుచేసిన ఆకుల సారం. అమ్మకు ముందుగా థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించి, ఆమె వాడే నిద్ర, అలర్జీ మాత్రలను వైద్యుడికి చూపించండి.