జర్మన్ మాటల పుట్టుక మీద ఇష్టం, ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. జర్మన్‌లో ఎ2 లెవెల్ (ఎ1 నుంచి సి2 దాకా ఉండే ఆరు మెట్లలో రెండోది) పూర్తిచేసింది. ఇప్పుడు పదాల పుట్టుక మీద పడింది. 'మౌల్‌వుర్ఫ్' అనే జంతువు పేరు ఎలా వచ్చిందో ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతోంది. ఈ పిచ్చి రేపు కూడు పెడుతుందా?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ సహజమేనండీ. అయితే ఆ మాటలో నిజంగానే సరుకుంది. మౌల్‌వుర్ఫ్ అంటే నేల కింద సొరంగాలు తవ్వి, మట్టిని పైకి కుప్పలుగా నెట్టే చిన్న జంతువు. ఇప్పటి జర్మన్‌లో మౌల్ అంటే మూతి, వుర్ఫ్ అంటే విసరడం. మూతితో మట్టి విసురుతుంది కాబట్టి ఆ పేరనుకుంటారు. అది తవ్వేదేమో ముందు కాళ్లతో! ప్రాచీన జర్మన్‌లో దాని పేరు 'మూవెర్ఫ్', అంటే కుప్పలు పోసేది. మొదటి ముక్క అర్థం మరుగున పడ్డాక, మట్టి అనే అర్థంతో 'మోల్ట్' వచ్చి చేరింది. అదీ వాడుక తప్పాక, అందరికీ తెలిసిన 'మౌల్' ఆ చోట కూర్చుంది.

ఇది కథగా చెప్పడమే ఇష్టమా, ఏ రూపం ఏ శతాబ్దంలో ఉందో పాత రాతల్లో వెతికి పట్టుకోవడం కూడా ఇష్టమా? అమ్మాయిని అడగండి. రెండోదైతే అది హిస్టారికల్ లింగ్విస్టిక్స్, అంటే చారిత్రక భాషాశాస్త్రం. ఓపిక కావాలి. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1838లో మొదలుపెట్టిన జర్మన్ నిఘంటువు 1961కి గానీ పూర్తి కాలేదు. యాకోబ్ గ్రిమ్ 'ఎఫ్' అక్షరం దగ్గరుండగానే 1863లో కన్నుమూశాడు.

నిక్కచ్చిగా చెప్పాలంటే మన దగ్గర ఇందులో పోస్టులు బాగా తక్కువ. లెక్చరర్ కావాలంటే నెట్, సెట్ లాంటి అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ తప్పదు. అందుకే నేనైతే జర్మన్‌ను ముందు పెట్టుకోమంటాను. బి2, సి1 దాకా వెళ్తే అనువాదం, బోధన, జర్మన్ క్లయింట్లున్న కంపెనీల్లో పని దొరుకుతాయి. హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ)లో జర్మన్ ఎంఏ ఉంది. భాషాశాస్త్రమే కావాలంటే హెచ్‌సీయూ, ఉస్మానియా ఉన్నాయి. నిఘంటువు పని మీద మనసుంటే పుణెలోని డెక్కన్ కాలేజీ చూడండి, అక్కడ 1948 నుంచి సంస్కృత నిఘంటువు తయారవుతోంది.

పీజీ ఏదన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. డిగ్రీ అయ్యేలోగా బి1 పరీక్ష రాయించండి. ఆ సర్టిఫికెట్ రెండు దార్లలోనూ పనికొస్తుంది.