శుభలేఖల పని అయ్యేవరకూ ఆగు

పాలకొల్లు

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవెనలు.

రాజోలు షాపు కంప్యూటరుకి విండోస్ బదులు లినక్స్ ఎక్కించేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆలోచన మంచిదే. విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మీ మిషనేమో ఏడో తరం ఇంటెల్‌ది, విండోస్ 11 మామూలుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. బంగారంలా నడుస్తున్నదాన్ని పాతసామాన్లకి వెయ్యడం నాకూ ఇష్టం లేదు. కానీ మాఘమాసం శుభలేఖల పని అయ్యేవరకూ డిస్కు ముట్టుకోకు. అప్పటిదాకా పెన్‌డ్రైవు మీద నడిపి చూడు.

8 జీబీది సరిపోతుంది. లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ 22ని, ఎక్స్‌ఎఫ్‌సీఈ తెర ఉన్నది చూసి దింపుకో. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, 4 జీబీ ర్యాముకి అదే తేలిక. పెన్‌డ్రైవు నుంచి లేపాక, ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కనంతవరకూ లోపల ఏదీ చెరగదు. మొట్టమొదట ప్రింటరు చూడు. కొన్ని పాత లేజరు ప్రింటర్లు తెర మీద పేరు చూపిస్తాయి గానీ కాగితం లాగవు.

అసలు చిక్కు తెలుగు దగ్గర. మీ నాన్న ఇన్నేళ్లూ కట్టిన శుభలేఖలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే పాత ప్రోగ్రాములో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో ఉన్నాయి. లినక్స్‌లో లిబ్రేఆఫీస్ డ్రా అనే ఉచిత ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఫైలు తెరుస్తుంది, కాకపోతే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ కనబడతాయి. కంగారుపడకు, ఫైలు పాడవలేదు. అది యూనికోడ్‌కి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత గది ఇచ్చే పద్ధతికి, ముందరిది. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చారు, ఆ ఫాంటు లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. అందుకని విండోస్ తీసెయ్యకు, రెండూ పక్కపక్కన ఉంచు. పాత పార్టీ అదే డిజైను అడిగితే అందులో తియ్యి, దాన్ని నెట్‌కి మాత్రం కలపకు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, అంటే కంప్యూటరుని పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచే సదుపాయం, ఆపెయ్యి, లేకపోతే లినక్స్ నుంచి ఆ డిస్కులో రాయనివ్వదు.

కొత్త కార్డులు యూనికోడ్‌లో మొదలుపెట్టు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఫాంట్లు ఉచితమే. టైపింగుకి లినక్స్‌లో భాషలు మార్చే ఐబస్‌లో ఎం17ఎన్ తెలుగు కీబోర్డులు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ దొరుకుతాయి. మీ నాన్న వేళ్లు అను కీబోర్డుకి అలవాటుపడిపోయాయి, ఆయన్ని మారమనకు. బావగారి అలక నాకు తెలుసు.

ఎక్కించే రోజున "డిస్కు మొత్తం చెరిపి" అనే వరస దగ్గర ఆగి రెండుసార్లు చదువు. నేను నిద్రమత్తులో అదే నొక్కి మా చిన్నదాని బారసాల ఫొటోలన్నీ పోగొట్టాను. మీ అత్త ఇప్పటికీ పండక్కోసారి ఆ మాట ఎత్తుతుంది. ముందే అన్నీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకో. మింట్‌లో పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ ఉందిగా అనుకునేవు, అది మామూలుగా సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, నీ శుభలేఖల జోలికి రాదు. యూపీఎస్ బ్యాటరీ కూడా చూపించు. ఎక్కుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది.

ప్రింటరు మోడల్ నంబరు ఫొటో తీసి ఈ రాత్రికి పంపు. ఆదివారం నేనే చించినాడ వంతెన మీదుగా వస్తాను, మీ అమ్మని మాగాయ జాడీ ఒకటి పక్కన పెట్టమను.

మీ మావయ్య