ముందు నీ చెవులు చూపించుకో

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్‌లో అంత సంబరంగా చెబుతుంటే ఊఁ కొట్టానే గానీ, నాకు అర్థమైంది సగమే. పెట్టేశాక మీ పెద్దమ్మ కాగితం మీద రాసి చూపించింది, వర్క్‌షాప్‌లో మోత తగ్గించే పని నీకు అప్పగించారని. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కొలతల సంగతి నీకు తెలిసిందే. చప్పుడు కొలిచే మీటరు మాత్రం ఆపరేటర్ చెవి దగ్గర పెట్టి చూడు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు పనిచేయొచ్చు అనుకుంటే, మూడు పెరిగినప్పుడల్లా ఆ టైము సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. 'మూడేగా పెరిగింది' అనే మేనేజర్ ప్రతిచోటా ఒకడుంటాడు, వాడికి ఈ లెక్క రాసిచ్చెయ్.

మెషీన్ల మీద వదులైన గార్డుల (అడ్డు రేకుల) బోల్టులు బిగించు. ముక్కలు రేకు తొట్టిలో పడేచోట రబ్బరు పరిపించు, తొట్టిని కాస్త పైకి జరుపు. గాలి ఊదే ఎయిర్ గన్‌లకు చప్పుడు తక్కువ చేసే నాజిళ్లు పెట్టించు, ప్రెషర్ తగ్గించు. కంప్రెసర్‌ని గదిలో పెడితే సందులు మూయించు. వేలెడు సందు చాలు, పెట్టిన ఖర్చంతా దండగవడానికి. ఇయర్ ప్లగ్గుల మాట వీటన్నిటి తర్వాతే.

ఎందుకంటే, నేను ప్లగ్గులతోనే సరిపెట్టాను.

ప్రెస్సుల సెక్షన్‌కి నేను సూపర్‌వైజర్‌ని. డబ్బా తెప్పించాను, తలా ఒక జత ఇచ్చాను, రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. అక్కడ ఒక హెల్పర్ ఉండేవాడు. ఎన్నిసార్లు పిలిచినా తిరిగేవాడు కాదు. 'చెవుడా నీకు?' అని అందరి ముందూ అరిచేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు, వాడూ నవ్వేవాడు. ఏం చెప్పినా నా పెదాలకేసి చూస్తూ తలూపేవాడు. పొగరనుకున్నాను.

ఒకరోజు కరెంటు పోయింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. వెనకనుంచి మామూలు గొంతుతో వాణ్ణి పేరు పెట్టి పిలిచాను. నలుగురు తలతిప్పారు. వాడు మాత్రం ట్రేలో ముక్కలు సర్దుకుంటూనే ఉన్నాడు.

తర్వాత అడిగితే చెప్పాడు. నేను తిడతానని, నా మాట వినపడాలని, నేను అటు వచ్చినప్పుడల్లా ప్లగ్గు తీసేసేవాడట. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గు కూడా షిఫ్టులో అరగంట తీసేస్తే చివరికి 12కే సమానమని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. వాడి చెవులు పోవడంలో నా నోటికీ భాగముంది అమ్మలూ. నొప్పి లేదు, రక్తం లేదు, అందుకే యాక్సిడెంట్ రిజిస్టర్లోకి కూడా ఎక్కలేదు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలు చచ్చాక మళ్లీ మొలవవట.

అందుకని నీ దగ్గర చేతి సైగలు పెట్టు, బల్బు వెలిగే సిగ్నల్ పెట్టు. ఎవర్నీ పిలవడానికి అరవకు. ప్లగ్గు ఎలా పెట్టుకోవాలో ఒక్కొక్కరికీ చూపించు: సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, దూర్చి, ఉబ్బేదాకా వేలితో నొక్కి ఉంచాలి. చాలామంది చెవి గుమ్మంలో పెట్టి వదిలేస్తారు.

ఇక నువ్వు. మెషీన్ చప్పుడు సరిగ్గా వినాలని ప్లగ్గు తీస్తావు, నాకు తెలుసు. నేనూ అలాగే తీసేవాణ్ణి. ఇప్పుడు రాత్రిళ్లు చెవిలో కీచురాయి కూస్తూనే ఉంటుంది. దానికి నేను అలవాటు పడ్డాను, నీకక్కర్లేదు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు నాకోసం గట్టిగా అరవకు, ఇంకా గందరగోళమవుతుంది. నెమ్మదిగా చెప్పు. షెడ్డులో అడుగుపెట్టే ముందే, ముందురోజు సాయంత్రం నుంచి ఏ మోతా లేకుండా ఉండి, పొద్దున్నే వెళ్లి ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష, తీయించుకో. ఆ కాగితం ఫొటో తీసి పెద్దమ్మ ఫోన్‌కి పంపు. మోత దెబ్బ ముందుగా కనపడే 4000 హెర్ట్జ్ దగ్గర గీత ఎలా ఉందో నేనే చూసుకుంటాను.

పెదనాన్న