అమెరికా కళాశాలల్లో లైంగిక దాడికి గురైన విద్యార్థులకు ప్రభుత్వం కల్పించే రక్షణలేమిటి?

ప్రధాన ఆధారం విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే కళాశాలలు లైంగిక దాడిని లింగ వివక్షగా పరిగణించి స్పందించాలి. అందుకోసం ప్రత్యేక సమన్వయకర్తను నియమించాలి. చాలామందికి తెలియనిది, తప్పక తెలియవలసినది ఒకటుంది: నిందితుడు అదే తరగతిలో రెండు వరుసల వెనక కూర్చుంటున్నా, అదే వసతిగృహంలో ఉంటున్నా, బాధితురాలు లాంఛనంగా ఫిర్యాదు చేయకుండానే తరగతి లేదా గది మార్పును, పరీక్షల గడువు పొడిగింపును రుసుము లేకుండా కోరవచ్చు. బాధితుడు పురుషుడైనా, వీసాపై చదువుతున్నవారైనా ఈ హక్కు వర్తిస్తుంది. కళాశాల పట్టించుకోకపోతే, సాధారణంగా 180 రోజుల్లోగా విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. పోలీసు కేసు పెట్టడం దీనికి అడ్డు కాదు. 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం కళాశాలలు తమ ప్రాంగణంలో జరిగిన నేరాల లెక్కలను ఏటా ప్రకటిస్తాయి.