లేజర్ తిప్పే మెమ్స్ అద్దం: విడిగా కొనాలా, డెవలప్‌మెంట్ కిట్టే తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో, కదిలే రిఫ్లెక్టర్‌ని లేజర్ కిరణంతో వెంటాడే సెటప్ చెయ్యాలి, దాన్ని బయటికి పట్టుకెళ్లి చూపించాలి, మెమ్స్ అద్దం (సిలికాన్ చిప్ మీద చేసిన, వోల్టేజీతో తిరిగే బుల్లి అద్దం) ఒక్కటే కొని, దానికి వోల్టేజీలు ఇచ్చే డ్రైవర్ బోర్డు మీరే చేసుకుంటే డబ్బు మిగులుతుందా అని. మొదటిసారైతే ఆ రెండూ కలిపి వచ్చే కిట్టే తీసుకోండి. ల్యాబ్‌లో నేను రెండు దారులూ చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కిట్‌లో ఖరీదంతా అద్దానిదే అనుకుంటాం గానీ, పని నడిపించేది డ్రైవర్. నేను ఎక్కువగా వాడింది కాలిఫోర్నియాలోని మిరర్‌కిల్ వాళ్ల గింబల్ (ఒకదానిలో ఒకటి తిరిగే చట్రం) లేని రకం, రెండు వైపులా తిరిగే అద్దం. దానికి నాలుగు చానళ్లు కావాలి. అద్దం మధ్యలో ఊరికే నిలబడటానికే నాలుగింటికీ 80, 90 వోల్టుల దాకా బయాస్, అంటే ఎప్పుడూ ఉండే స్థిర వోల్టేజీ, ఉండాలి, ఒక వైపు తిప్పాలంటే ఒక చానల్‌లో పెంచి దాని ఎదురు చానల్‌లో అంతే తగ్గించాలి. వోల్టేజీ ఎక్కువే అయినా కరెంట్ దాదాపు తీసుకోదు, కాబట్టి మొత్తం ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 5 వోల్టుల మీదే నడిచిపోతుంది. చేత్తో పట్టుకుని వెళ్లగలిగేది అందుకే.

ఇక డ్రైవర్‌లోని ఫిల్టర్ సంగతి, అంటే కటాఫ్ అనే హద్దు కంటే వేగంగా మారే సిగ్నల్‌ని అద్దం దాకా పోనివ్వని భాగం. దీని విలువ కాగితం మీద తెలీదు, గోడ మీద ఎర్ర చుక్కని చూస్తే తెలుస్తుంది. కటాఫ్ బాగా పైకి పెట్టి, చిన్న కోణంలోనే స్క్వేర్ వేవ్ (రెండు విలువల మధ్య టక్కున గెంతే సిగ్నల్) ఇచ్చి చూడండి. రెండు చుక్కలు కనబడాల్సిన చోట ఒక్కోదానికీ అటూ ఇటూ తోకలు వస్తాయి, ఎందుకంటే ఆ సన్నని సిలికాన్ స్ప్రింగులకి డ్యాంపింగ్ (ఊపుని అణిచే గుణం) చాలా తక్కువ, అద్దం ఆగాల్సిన చోట ఆగకుండా ఉయ్యాలలా ఊగుతుంది. కటాఫ్ తగ్గించుకుంటూ రండి, తోకలు కుంచించుకుపోయి రెండు గట్టి చుక్కలు మిగులుతాయి. అదే పెద్ద కోణంలో, సరిగ్గా రెజొనెన్స్ దగ్గర, అంటే అద్దం సహజంగా ఊగే వేగంతోనే, ఊపితే అద్దం విరిగిపోవచ్చు. అందుకని బోర్డు చేతికి రాగానే మొదటి పని, ఆ అద్దం డేటాషీట్‌లో రాసిన గరిష్ఠ వోల్టేజీ తేడానీ, కటాఫ్‌నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టెయ్యడం. పవర్ ఆఫ్ చేసే ముందు అద్దాన్ని మధ్యకి తెచ్చి అప్పుడు ఆపండి, పవర్ ఉండగా కేబుల్ పీకొద్దు.

సైజు విషయంలో ఆశపడొద్దు. అద్దం పెద్దదైతే కిరణం దూరం వెళ్లినా తక్కువ విచ్చుకుంటుంది, నిజమే, కానీ బరువు పెరిగి వేగం పడిపోతుంది. పైగా కిరణం అద్దం మీద 45 డిగ్రీల్లో పడితే ఒక దిశలో 1.4 రెట్లు సాగుతుంది, అంచులు కోసుకుపోకూడదంటే అద్దం కిరణం వ్యాసానికి ఒకటిన్నర రెట్లైనా ఉండాలి, సాగిన దిశలో ఇంకా ఎక్కువ. కోణం లెక్క తేలికే: అద్దం 5 డిగ్రీలు తిరిగితే కిరణం 10 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 5 మీటర్ల దూరంలో మధ్య నుంచి ఒక్కోవైపు సుమారు 88 సెంటీమీటర్లు.

లేజర్ షోల్లో వాడే గాల్వో సెట్ (చిన్న మోటార్లతో తిరిగే అద్దాలు) చవకే, టేబుల్ మీద ప్రాజెక్టైతే అదే చాలు. కానీ దాని పవర్ సప్లై, మోటార్ల బరువుతో బయట తిరగడం కష్టం.

లేజర్ మాత్రం క్లాస్ 2లోనే, అంటే కంటికి కనబడే రంగులో 1 మిల్లీవాట్ లోపే తీసుకోండి. తిరుగుతున్న కిరణం వల్ల ఏమీ కాదులే అనుకోవద్దు, ప్రోగ్రామ్ హ్యాంగ్ అయితే అద్దం ఆగిపోతుంది, పవర్ మొత్తం ఒకే చోట పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ జోలికి ఇప్పుడే పోవద్దు, అది కంట్లో పడినా రెప్ప మూసుకోదు.

రిఫ్లెక్టర్ ఎంత దూరంలో ఉంటుందో, ఎంత వేగంగా కదులుతుందో రాయండి, ఏ సైజు అద్దం సరిపోతుందో కలిసి లెక్క చూద్దాం.