వైజాగ్‌లో మూడు రోజులుంటే బీచ్ కాకుండా ఏం చూడాలి?

అమ్మానాన్నలతో, పిల్లలతో మూడు రోజులు వస్తున్నామని, ఆర్కే బీచ్, కైలాసగిరి కాక ఇంకేం చూడొచ్చని అడిగారు. మాది మద్దిలపాలెం. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ తిప్పే డ్యూటీ నాదే. నన్నడిగితే ఊళ్లో ఒక్కరోజు చాలు, మిగతా రెండు రోజులూ ఉత్తరంవైపు వెళ్లండి.

ఊళ్లో ఆర్కే బీచ్ ఒడ్డునున్న కురుసుర సబ్‌మెరైన్ మాత్రం వదలొద్దు. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, ఇప్పుడు మ్యూజియం. సోమవారం సెలవు. లోపల బాగా ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. పిల్లలకి అదే సరదా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం బయటే కూర్చోబెట్టి మురీ మిక్స్చర్ (మరమరాల మిక్స్చర్) కొనివ్వండి. అక్కడ సముద్రంలోకి ఎవరూ దిగొద్దు, లోపలికి లాగేస్తుంది.

రెండో రోజు భీమిలి రోడ్డు. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం ఉంది. కారు పైదాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి సముద్రం చూడాలంతే. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. నా దృష్టిలో వైజాగ్‌లో చూడాల్సింది ఇదే, కైలాసగిరి కాదు. వేల ఏళ్లుగా పోగుపడ్డ ఇసుకకి ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని కోసి లోయల్లా చేశాయి. పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే నీడ దొరకదు. దిబ్బల అంచులెక్కి ఫొటోలు దిగనివ్వకండి, మట్టి విరిగిపడుతుంది. తెల్ల బట్టలు వేసుకుంటే ఇక వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే! భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి భోజనానికి ఆగండి.

మూడో రోజు శ్రీకాకుళం. వైజాగ్ నుంచి వంద కిలోమీటర్లు పైనే, హైవే బాగుంటుంది. శ్రీకూర్మంలో విష్ణుమూర్తి కూర్మావతారానికి పూజలు జరుగుతాయి, స్వామి పడమర ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం స్తంభాల నిండా శాసనాలే. గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గర్నుంచి మా మేనల్లుణ్ణి లాక్కురావడం నా వల్ల కాలేదు. ఓపికుంటే వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు, అక్కణ్ణుంచి కళింగపట్నం బీచ్ చూడొచ్చు. పెద్దవాళ్లు అలిసిపోతే ఈ రెండూ వదిలేసి అరసవల్లి సూర్యనారాయణ స్వామిని చూసి తిరిగొచ్చేయండి. ఆదివారం మాత్రం అరసవల్లి పెట్టుకోకండి, దర్శనానికే పూట గడిచిపోతుంది.