ముక్క కనిపిస్తేనే కూర్చుంటున్న కుక్కకి ఏం చెయ్యాలి?

మీ ఆరు నెలల కుక్కపిల్ల మీ చేతిలో చికెన్ ముక్క ఉంటేనే కూర్చుంటోంది, లేకపోతే మొహం తిప్పేసుకుంటోంది అన్నారు. మాదీ అచ్చం అంతే. విజయనగరం కంటోన్మెంట్ దగ్గర వానలో దొరికిన ఊరకుక్క. రెండు నెలలు ముక్క ఆశ చూపించి 'కూర్చో' నేర్పాను. అది నేర్చుకున్నది మాత్రం నా చేతిలో ఏముందో చూడటం.

తర్వాత పద్ధతి తిరగేశాను. నేనేమీ అడగను. అది తనంతట తాను కూర్చున్నప్పుడు ఆ క్షణాన్ని పట్టుకుని ముక్క ఇస్తాను. కుక్క ఎన్నిసార్లు కూర్చుంటుందో ఒకరోజు లెక్కపెట్టండి, ఆశ్చర్యపోతారు. మాది పొద్దున్న కాఫీ అయ్యేలోపే ఏడుసార్లు.

కూర్చున్న క్షణాన్ని గుర్తుపట్టించడానికి ఒక చప్పుడు కావాలి. మొదట 'భేష్' అనేవాణ్ణి. మా నాన్నగారు క్రికెట్ చూస్తూ అదే మాట అరుస్తుంటే ఇది తోకాడిస్తూ టీవీ ముందుకి వెళ్లిపోయేది! దాంతో నొక్కితే టిక్కుమనే బాల్ పెన్నుకి మారాను. ముందు ఓ పాతికసార్లు ఊరికే టిక్, ముక్క, టిక్, ముక్క. చప్పుడు వస్తే తిండి వస్తుందని అర్థమయ్యాక అసలు పని మొదలు. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత చాలు. కూరలో ముక్క కడిగి పెట్టకండి, ఉల్లి కుక్కలకి విషం. ఇచ్చినంత మేర అన్నం తగ్గించండి.

మంచి ఫలితం వచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందని స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1930ల్లోనే ఎలకలతో చూపించాడు. చిక్కంతా ఏ పనికి ఫలితం అందిందన్న దగ్గరే. నేను చూసి, జేబులోంచి పెన్ను తీసి నొక్కేసరికి ఇది లేచిపోయేది. వారం తిరిగేసరికి కూర్చోవడం, లేవడం, కూర్చోవడం... బడిలో గుంజీలు తీస్తున్నట్టు! తప్పు దానిది కాదు, నేను టిక్ కొట్టింది లేచినప్పుడు. అప్పట్నుంచి పెన్ను చేతిలోనే.

'కూర్చో' అన్న మాట ఇప్పుడే వద్దు. కావాలని మీ ముందుకొచ్చి కూర్చోవడం మొదలెట్టాక, వంగబోతుండగా ఆ మాట అనండి. కొన్నాళ్లకి, అడిగినప్పుడు కూర్చుంటేనే ముక్క. లేకపోతే మీరు అన్నానికి కూర్చున్న ప్రతిసారీ ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

నిద్రలేవగానే ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంటుంది చూశారా, మేం దాన్నే 'దండం' చేశాం. దొర్లడంలాంటివి మాత్రం ఇలా పట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది, వాటికి ముక్క చూపించడమే నయం. పాపమేం కాదు.

నాకు బాగా పనికొచ్చింది గోనెసంచి మీద పడుకోవడం. దానంతటది వెళ్లి పడుకున్నప్పుడల్లా చప్పుడు లేకుండా ఓ ముక్క ముందర పెట్టేవాణ్ణి. టిక్ కొడితే ఉత్సాహంగా లేచిపోతుంది కాబట్టి అక్కడ పెన్ను వాడలేదు. మూడు నెలలు పట్టింది. మొన్న మా ఊరి సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలు, పిల్లలు. ఇది సంచి దిగలేదు. సాయంత్రం డప్పులు దగ్గరకొచ్చినప్పుడు మాత్రం లేచి మంచం కిందకి దూరింది. పిలవలేదు, పక్కన నీళ్లగిన్నె పెట్టి వచ్చేశాను.